సోమరి కావడానికి కావలసిన పత్రాలు

పథకాల డబ్బు తిని జనం సోమరిపోతులైపోయారని ఈమధ్య ప్రతి పెద్దమనిషికీ బెంగ పట్టుకుంది. మిరపకాయ కోతకు మనుషులు దొరకడం లేదట, పత్తి తియ్యడానికి పక్క మండలాల నుంచి ఆటోల్లో తోలుకురావాల్సి వస్తోందట, దీనంతటికీ కారణం ఉచితాలేనట. 2022 జులైలో ఉత్తరప్రదేశ్‌లో ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని మోదీ దీనికి రేవడీ సంస్కృతి అని పేరు పెట్టారు. 2025 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీల ధర్మాసనం కూడా ఉచితాల వల్ల జనం పనిచేయడానికి ఇష్టపడటం లేదని వాపోయింది. ఆ రోజు ధర్మాసనం ముందున్న కేసు పట్టణాల్లో తలదాచుకోను గూడు లేనివాళ్లది. గూడు లేనివాడు ఎక్కడ పడుకుని సోమరితనం చేస్తాడన్న సందేహం మనకెందుకు?

ప్రధాని, న్యాయస్థానం, కాఫీ హోటలు ముగ్గురూ ఒకే మాట అంటుంటే కాదనడానికి మనమెవరం? ఒప్పేసుకుందాం. ఒప్పుకుని, పల్నాడు జిల్లా శావల్యాపురం మండలంలో ఒక మనిషి ఇవాళ్టి నుంచి సోమరిగా బతకాలని గట్టిగా తీర్మానించుకుంటే ఎంత పని చేయాల్సి వస్తుందో చూద్దాం.

మొట్టమొదట తాను పేదవాణ్ణని రుజువు చేసుకోవాలి. 12వ శతాబ్దంలో ఇదే పల్నాటిలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినప్పుడు కులం అడగలేదంటారు. బియ్యం కార్డు కూడా అడిగినట్టు లేదు. పాపం, ఆయనకు ఆరంచెల పరిశీలన తెలియదు. 2019 నవంబరులో నవశకం సర్వేతో మొదలైన ఆ పద్ధతి ప్రభుత్వం మారినా చెక్కుచెదరలేదు. పల్లెటూళ్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ ఉంటే కలిపి పదెకరాలు మించకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపే కాలాలి. ఇంట్లో ఎవరికీ కారు ఉండకూడదు, సర్కారు ఉద్యోగం ఉండకూడదు, ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు. టౌన్లో ఉంటే ఇంటి చదరపు అడుగులు కూడా కొలుస్తారు.

ఈ 10,000 సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రానికి కేంద్రం ఖరారు చేసిన రోజు కూలి 307 రూపాయలు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోతే రోజుకు 614. పదహారు రోజులకు 9,824. అప్పటిదాకా వాళ్లు పేదవాళ్లే. పదిహేడో రోజు పొద్దుగూకే వేళకు గడ్డపార భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి 10,438 రూపాయలతో ఆ దంపతులు సంపన్నుల్లో కలిసిపోతారు. ప్రభుత్వమిచ్చిన కూలితో ప్రభుత్వం గీసిన గీత దాటేస్తారన్నమాట. కాబట్టి పదహారో రోజుతో పని ఆపేసి, మిగతా పద్నాలుగు రోజులూ ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవడమే వాళ్లకు క్షేమం. ఆ ఏడాది ఇంటికి వంద పనిదినాలే కనక ఈ ధనయోగం మూడు నెలలకు మించి పట్టదు, అదొక అదృష్టం.

అయితే కూలోడి ఆదాయాన్ని నిజంగా కొలిచే యంత్రం ఏ ఆఫీసులోనూ లేదు. కంప్యూటరుకు కనపడేవి మీటరు, కారు, పాన్ కార్డు. అందుకని వాటినే పట్టుకుంటుంది. ఇంటిగలాయన తన ఆధార్ నెంబరు మూడు వాటాల మీటర్లకూ ఇచ్చి ఉంటే మూడిళ్ల ఫ్యాన్లూ ఆయనొక్కడే వేసుకుని పడుకున్నట్టు లెక్క. ఎప్పుడో అమ్మేసిన పాత కారు రవాణా శాఖ రికార్డులో పేరు మారకపోతే ఆ కారు ఎవరు నడుపుతున్నా తిరిగేది నీ పథకాల మీదే. పొలం సంగతి ఇంకా తమాషా. సాగర్ కుడి కాలువ చివరి భూముల్లో నీళ్లు రాని ఏడు కూడా రికార్డులో అది మాగాణే. పైరు ఎండుతుంది గానీ అడంగల్ ఎండదు.

సరే, ఇవన్నీ దాటాడు. ఇప్పుడు తాను తానేనని నిరూపించుకోవాలి. దీనికి ఒక మామ్మను తీసుకుందాం. ఏ ఊళ్లోనైనా ఇలాంటి మామ్మ ఉంటుంది కనక పేరక్కర్లేదు. నలభై ఏళ్లుగా పత్తి తీసి, మిరపకాయలు కోసి, తొడిమలు గిల్లి ఆమె వేళ్ల మీద గీతలన్నీ చేలోనే ఉండిపోయాయి. గ్రామ సచివాలయంలో కుర్రాడు మంచివాడే. డిగ్రీ చదివాడు, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. పొద్దున్నుంచీ సర్వర్‌తో కుస్తీ పడుతున్నాడు.

"బొటనేలు పెట్టు మామ్మా."

"పెట్టా నాయనా."

"పడలా. చెయ్యి కడుక్కుని రా."

కడుక్కుని వచ్చింది.

"తడైపోయింది. కొంగుతో తుడువు. ఆఁ, ఇప్పుడు చూపుడేలు. గట్టిగా నొక్కు. అంత గట్టిగా కాదు."

పది వేళ్లూ అయ్యాయి. పదకొండోది దేవుడివ్వలేదు. కంటిపాప యంత్రం తీశాడు. కుడికంట్లో శుక్లం. ఎడమ కంటిది ఆపరేషన్ అయింది. ఇక చివరికి ముఖం. ఫోను మామ్మ మొహానికి ఎదురుగా పెట్టి కళ్లార్పమన్నాడు. ఇంత తతంగం జరుగుతుంటే ఎక్కడ పొరపాటు చేస్తానోనని మామ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "ఆర్పు మామ్మా, ఆర్పితేనే నువ్వు బతికున్నట్టు." ఆర్పింది. ఆకుపచ్చ టిక్కు పడింది. మామ్మ మామ్మేనని భారత ప్రభుత్వానికి నమ్మకం కుదిరింది, ఆ రోజుకు.

ఆ పూట కూలి పోయిన సంగతి ఏ పోర్టల్లోనూ నమోదు కాదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. జాబితాలో పేరున్నవాళ్లకు పెన్షను ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇవ్వడం మన రాష్ట్రం బాగా చేస్తున్న పనుల్లో ఒకటి. అంతకుముందు వాలంటీర్లు ఇచ్చారు, ఇప్పుడు సచివాలయ సిబ్బంది ఇస్తున్నారు. మధ్యలో ఎన్నికల వేళ, 2024 ఏప్రిల్, మే నెలల్లో, ముసలివాళ్లను సచివాలయాలకూ బ్యాంకులకూ ఎండలో తిప్పినప్పుడు ఆ ఇంటి గడప విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది. 2024 జులై 1 నుంచి పెన్షను 4,000 అయింది. ఆ డిసెంబరు 31న ముఖ్యమంత్రి చంద్రబాబు నరసరావుపేట పక్కనే యల్లమందకు వచ్చి స్వయంగా పంచారు. ఇవ్వడం దగ్గర వంక పెట్టడానికి పెద్దగా లేదు. జాబితాలోకి ఎక్కడమే అసలు యుద్ధం. "సైటు ఇంకా ఓపెన్ కాలేదు" అన్న వాక్యం పల్నాటి యుద్ధమప్పుడు ఉండి ఉంటే నాగమ్మ, బ్రహ్మనాయుడు కత్తులు దింపి ఇంటికెళ్లి ఉండేవాళ్లు.

ఇక డబ్బు ఎక్కడ పడుతుందన్నది. శావల్యాపురంలో అక్షరం రానివాళ్ల నోట కూడా ఇప్పుడు ఎన్‌పీసీఐ అన్న మాట తిరుగుతోంది. పథకం డబ్బు నువ్వు పుస్తకం చూపించిన ఖాతాలో పడదు, చిట్టచివరిసారి ఆధార్‌తో ముడిపడ్డ ఖాతాలో పడుతుంది. ఆ ముడి ఎప్పుడు, ఎవరు వేశారో నీకు తెలియాలని లేదు. 2017లో సిమ్ కార్డు ఆధార్ వెరిఫికేషన్ కోసం వేలు పెట్టినవాళ్లకు తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకుని, గ్యాస్ సబ్సిడీ అక్కడికి చేరింది. ఆ డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈకేవైసీ అనుమతి ఆపేసింది కూడా. అది పాతకథ అనుకోకండి. "డబ్బు పడింది, కానీ యాడ పడిందో తెలవలా" అంటూ మూడు బ్యాంకుల పుస్తకాలు పట్టుకుని వినుకొండ బస్సెక్కే మనిషి మన సోమరే. పథకాల వల్ల ఖాయంగా బాగుపడినవాడు జిరాక్స్ షాపు యజమాని. అతను మాత్రం బొత్తిగా సోమరి కాదు.

కౌలుదారు సోమరి కావాలంటే ఇంకా కష్టం. చేను దున్నేది అతను, పెట్టుబడి అతనిది, అప్పు అతనిది. అన్నదాత సుఖీభవ పథకం డబ్బు మాత్రం పాస్‌పుస్తకం ఎవరి పేరునుంటే వాళ్లకు. అతనికి రావాలంటే 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఉండాలి. అది పదకొండు నెలలే పనిచేస్తుంది, దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే రేపు పొలం నాదంటాడేమోనని యజమానికి అనుమానం. పైగా ఆయన హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్నాడు. ఫోను చేస్తే "ఏంది బాబాయ్, మన మధ్య కాయితాలెందుకు" అంటాడు ప్రేమగా. కౌలు డబ్బు మాత్రం కాగితం మీద రాసుకుంటాడు. ఇలా ప్రభుత్వం దృష్టిలో దున్నేవాడు రైతు కాడు, ఇరవై ఏళ్లుగా బురదలో కాలు పెట్టనివాడు అన్నదాత. సోమరులను ప్రభుత్వం పోషిస్తోందన్న మాటలో నిజమున్న చోటు ఒక్కటైనా దొరికిందని సంతోషిద్దాం.

ఈలోగా పథకం పేరు మారుతుంది. అన్నదాత సుఖీభవ అని 2019 ఎన్నికల ముందు ఒకసారి పెట్టారు, ఎన్నికలయ్యాక రైతు భరోసా అయింది, మళ్లీ అన్నదాత సుఖీభవ అయి 2025 ఆగస్టు 2న పక్కనే దర్శి నియోజకవర్గంలో మొదలైంది. మొదటి పేరులోనైనా, మధ్య పేరులోనైనా, చివరి పేరులోనైనా కేంద్రం ఇచ్చే 6,000ను తమ లెక్కలో కలుపుకుని చెప్పడంలో రెండు పార్టీలకూ భేదాభిప్రాయం లేదు. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. అప్పుడు 15,000 అని చెప్పి 2022లో 13,000 వేశారు, 2,000 బడి నిర్వహణకూ మరుగుదొడ్లకూ పట్టుకున్నారు. ఇప్పుడు 2025 జూన్‌లో 15,000 అని చెప్పి 13,000 వేశారు, 2,000 బడి నిర్వహణకూ మరుగుదొడ్లకూ పట్టుకున్నారు. రాజకీయంగా నిట్టనిలువునా చీలిన రాష్ట్రంలో ఏకాభిప్రాయం కుదిరింది ఒక్క మరుగుదొడ్ల దగ్గరే. అయితే ఒక మాట చెప్పాలి, ఈసారి ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇచ్చారు, అది మేలే. పేర్ల తర్వాత రంగుల సంగతి, అక్కడ మాత్రం మనవాళ్లు కాస్త ఆలోచించాలి. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు తుడవమని 2020లో హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే సున్నం ఖర్చుతో సచివాలయం బయట నాలుగు బెంచీలు వేయొచ్చు.

ఇప్పుడు అసలు సోమరుల దగ్గరికి వెళదాం. అంటే మనం. నెల జీతగాళ్లం, ఈ పత్రిక చదివేవాళ్లం, ఉచితాల గురించి బాధపడేవాళ్లం.

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్లో నిర్మలా సీతారామన్ కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేశారు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12,75,000. అంటే నెలకు లక్ష పైచిలుకు. 12 లక్షల మీద లెక్కకొచ్చే 60,000 పన్నును రిబేటుగా కొట్టేస్తారు. మామ్మ ఏడాది పెన్షను 48,000. ఆ బడ్జెట్ మార్పులతో ఖజానాకు తగ్గే రాబడి దాదాపు లక్ష కోట్లని ఆర్థికమంత్రే సభలో చెప్పారు. ఆ రాత్రి టీవీల్లో మధ్యతరగతికి ఊరట అన్నారే గానీ, రేపటి నుంచి సాఫ్ట్‌వేరు ఇంజనీర్లు పనికి రారేమో అని ఒక్క విశ్లేషకుడూ కంగారుపడలేదు. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించినప్పుడు ఏడాదికి పోతుందని ప్రభుత్వమే వేసిన అంచనా 1,45,000 కోట్లు. ఏ కంపెనీనీ కళ్లార్పమని అడగలేదు.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ల తెలివి ఇంకా గొప్పది. నాన్న ఇంట్లోనే ఉంటూ నాన్నకు అద్దె కడుతున్నట్టు రశీదులు రాసి ఇంటద్దె మినహాయింపు తీసుకునేవాళ్లు మనలో ఎందరో. నిజంగా కడితే చట్టం ఒప్పుకుంటుంది. అక్కడ తండ్రి ఇంటి యజమాని, కొడుకు అద్దెకున్నవాడు. అదే తండ్రి శావల్యాపురంలో పెన్షనుకు పెట్టుకుంటే? ఎవరిది ఏ కుటుంబమో సచివాలయం రాసుకున్న హౌస్‌హోల్డ్ మ్యాపింగులో హైదరాబాదు కొడుకు ఆయన కుటుంబంలోనే కనపడతాడు. కొడుకు పన్ను కడుతున్నాడు కాబట్టి తండ్రి అనర్హుడు. ఆ కొడుకు పండక్కే వస్తాడనీ, పైసా పంపడనీ తండ్రి చెబితే "మ్యాపింగ్ విడగొట్టడానికి ఆప్షన్ లేదు తాతా" అంటారు. పన్ను తగ్గించుకోవాల్సి వస్తే తండ్రీకొడుకులు పరాయివాళ్లు, పెన్షను తప్పించాల్సి వస్తే ఉమ్మడి కుటుంబం. మన ధర్మశాస్త్రాలు కూడా దాయభాగం గురించి ఇంత వెసులుబాటుగా రాయలేదు.

న్యాయం అందరికీ ఒకటే ఉండాలని నా మనవి. అందుకని పన్ను రిబేటుకు కూడా ఆరంచెల పరిశీలన పెట్టాలి. రిబేటు కావలసినవాడి ఇంట్లో మే నెలలో రెండు ఏసీలు తిరిగి 300 యూనిట్లు దాటాయా, రిబేటు రద్దు. కారు ఉందా, రద్దు. ఈఎంఐ ఇంకా తీరలేదని ఏడిస్తే అది బ్యాంకుకు చెప్పుకోవాలి. రిబేటుదారు పనిదినం నాడు సెలవు పెట్టి శావల్యాపురం సచివాలయానికి వచ్చి మామ్మ వెనకాల వరసలో నిలబడి వేలు వేయాలి. ఉపాధి కూలీలకు 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన పద్ధతిలో, ఆఫీసులో తాను పనిచేస్తున్నట్టు రోజుకు రెండుసార్లు ఫొటో దిగి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేక ఎక్కకపోతే ఆ రోజు పనిచేయనట్టే. రిబేటుకు అయిదేళ్లకొకసారి పేరు మార్చి, ఫారం 16 మీద అప్పటి నాయకుడి బొమ్మ వేయాలి. 60,000 అని చెప్పి 58,000 ఇచ్చి, 2,000 ఆదాయపు పన్ను కార్యాలయాల మరుగుదొడ్లకు పట్టుకోవాలి. అర్హుల, అనర్హుల జాబితాలు కారణాలతో సహా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన అంటించాలి. వచ్చేపోయేవాళ్లందరూ చదువుకుని, మూడో అంతస్తు ఆయన ఎంత సోమరో తెలుసుకుంటారు.

రీఫండు ఆలస్యమైతే ప్రభుత్వం మనకు నెలకు అర శాతం వడ్డీ కట్టి ఇస్తుంది. అది కూడా తీసేయాలి. మామ్మ పెన్షను ఆరు నెలలు ఆగితే వడ్డీ మాట అటుంచి, అసలు ఏ నెల నుంచి లెక్కో అడిగే దిక్కు లేదు.

దిక్కు లేదంటే తప్పు. సోమవారం సోమవారం నరసరావుపేట కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. దాని పేరు ఒకప్పుడు స్పందన, తర్వాత జగనన్నకు చెబుదాం, ఇప్పుడు పీజీఆర్‌ఎస్. ఇవ్వడానికి నరసరావుపేట దాకా పోనక్కర్లేదు, మండలంలోనూ తీసుకుంటారు. 2025 జనవరి 30 నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. మామ్మ దగ్గరున్నది బటన్ల ఫోను, అందులో వాట్సాప్ లేదు, టార్చిలైటు ఉంది. ఆ ఫోనుకే కొన్నాళ్లకు మెసేజ్ వస్తుంది. పక్కింటి పిల్లాడు చదివి చెబుతాడు, నీ సమస్య పరిష్కరించబడినది అని. పెన్షను మాత్రం వచ్చి ఉండదు. సమస్య అంటే మామ్మేనని వాళ్లు అనుకుని ఉంటారు.

సోమరితనం గురించి బెంగ పడే పెద్దమనుషులకు ఒక పని చెబుతాను. పథకాల డబ్బు పడేముందు సామాజిక తనిఖీ పేరుతో సచివాలయం గోడ మీద రెండు జాబితాలు అంటిస్తారు. అర్హుల జాబితా అందరూ చదువుతారు. మీరు అనర్హుల జాబితా చదవండి. మీ చేలో పత్తి తీసినామె పేరో, మీ ఇంట్లో అంట్లు తోమినామె పేరో కనపడుతుంది. ఎదురుగా కారణం రాసి ఉంటుంది, ఫోర్ వీలర్ అనో, 300 యూనిట్లనో. ఆమెకు కారు లేదని మీకు తెలుసు. ఆ మాటే తెల్లకాగితం మీద రాసి, గడువులోగా అభ్యంతరం ఇప్పించండి. మీటరు బిల్లు, ఆర్‌టీఏ పత్రం జత చేయించండి. ఫీజేమీ లేదు. అర్జీ నెంబరున్న రశీదు మాత్రం అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు.